అచలం

పర్వతానికి సంస్కృతంలో ‘అచలం’ అని ఒక పేరుంది. చలించనిది అని అర్థం. ఆ పేరు పెట్టిన పెద్దలు అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కొండను ఎరగరు పాపం!

నూరేళ్ళకు పైగా నిద్రపోయిన ఆ అగ్నిపర్వతం 1980 మార్చిలో మేలుకొన్నది. లోపలినుంచి శిలాద్రవం తోసుకు వస్తూంటే దాని ఉత్తరపు పక్క బాణలిలో పూరీలాగా పొంగసాగింది. రోజుకు అయిదారడుగుల చొప్పున! అయినా అంత కొండలో అది కంటికి ఆనుతుందా? కొలిస్తేనే తెలియాలి. అందుకని శాస్త్రజ్ఞులు కొండమీద అక్కడక్కడా అద్దాలవంటివి నిలబెట్టి, దూరాన కూర్చుని లేసర్ కిరణం వేసి, అది తిరిగి వచ్చిన తీరునుబట్టి దూరం లెక్కగట్టేవారు.

మే 18 ఆదివారం. డేవిడ్ జాన్‌స్టన్ అనే ముప్పయ్యేళ్ళ యువకుడు ఆరు మైళ్ళ దూరంలో ఒక గుట్టమీద కాపలా ఉన్నాడు. ఉదయం ఏడు కాకముందే కొలతలు తీసి రేడియోలో చెప్పాడు. విశేషమేమీ లేదు, పొంగు ఎప్పటిలాగే సాగుతోంది. ఎనిమిదీ ముప్పయిరెండుకు భూమి కంపించింది. ఉత్తరపు పక్క యావత్తూ జారిపడింది. కొండ 1,300 అడుగుల ఎత్తు కోల్పోయింది. యాభైయేడుగురు పోయారు. జాన్‌స్టన్ శరీరం కూడా దొరకలేదు.

నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ పొద్దుటి కొలత. అది తప్పు కొలత కాదు. కొండే చివరి మాట దాచుకున్నది.

2004లో ఆ కొండ మళ్ళీ కదిలింది. ఈసారి లేసర్ విమానమెక్కింది. సెకనుకు వేలకొద్దీ కిరణపు తునకలు నేలమీదికి చిమ్ముతూ పోతారు. ఒక్కొక్కటి వెళ్ళి రావడానికి పట్టిన కాలంనుంచి ఒక్కొక్క చోటి ఎత్తు తేలుతుంది. అడవి అడ్డమున్నా ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి వస్తాయి. చెట్లను లెక్కలోంచి తీసేస్తే వట్టి నేల మిగులుతుంది.

మన ఇళ్ళలో పిల్లవాణ్ణి గోడకానించి గీత గీస్తాం చూడండి, అదే పద్ధతి. 2003లో అదృష్టవశాత్తూ ఒక గీత గీసి ఉంచారు. కొత్త పటంలోంచి పాత పటాన్ని తీసివేస్తే, బిలంలో ఎంత కొత్త రాయి పుట్టిందో, దాని తోపుడుకు అక్కడి మంచుగడ్డ ఎలా పక్కకు నలిగిందో బయటపడింది. ఏమీ జరగని రోజుల్లో గీసే ఆ మొదటి గీతకే డబ్బు పుట్టడం కష్టమని నా అనుమానం. ఎక్కడైనా అంతే కదా!

లేసరుకూ కళ్ళు మూసుకుపోయే వేళ ఉంది. మబ్బు పట్టినా, బూడిద లేచినా దానికి కనబడదు. పేలుతున్నప్పుడు అది పనికిరాదు. కాని బురద వరద ఏ వాగు పట్టి ఏ ఊరిమీదికి పోతుందో ముందుగా లెక్కవేయాలంటే ఈ పటాలే ఆధారం. కొన్ని అడుగుల మెరక తేడాతో దారి మారిపోతుంది మరి.

జాన్‌స్టన్ నిలబడిన గుట్టకు ఇప్పుడు అతని పేరే. అక్కడినుంచి చూస్తే విరిగిన ఉత్తరపు పక్క ఎదురుగా కనిపిస్తుంది.