తంపర బంజరు కాదు మహాప్రభో!

మా సిక్కోలు వైపు తంపర అంటే వాననీళ్ళూ సముద్రపు పోటూ కలిసే నేల. పశువుల మేత, చేపలు, వలస పిట్టలు అన్నీ అక్కడే. సోంపేట వాళ్ళకి బీల ఉంది. ఊళ్ళో వాళ్ళకి అది కూడు పెట్టే నేల, సర్కారు కాగితంలో బంజరు. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో గుర్తుందా?

2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు. రెండు చోట్లా గొడవ థర్మల్ ప్లాంటు గురించే, రెండు చోట్లా మనుషులు పోయారు. సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసింది కూడా అదే జులై 14న! ఒక్కరోజు ముందు చేసుంటే ఏం పోయేది?

సరే, ప్రాణాలు పోగొట్టుకుని నిలబెట్టుకున్న ఆ నేలని మనమేం చేశాం? అలాగే వదిలేశాం. అదీ నా మంట.

కాకరాపల్లి ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఖర్చు 4,362 కోట్లన్నారు. పోర్టు వద్దనను. కానీ వంశధార కలిసే కళింగపట్నం, నాగావళి కలిసే కళ్ళేపల్లి, అటు విజయనగరం జిల్లాలో చంపావతి కలిసే కోనాడ, ఈ మూడు మొగల్లో ఒక్కచోటైనా నాలుగెకరాలు కొని, ఓ చిన్న ల్యాబు కట్టి, ఏ నెలలో ఏ చేపపిల్ల వస్తోందో రాసి పెట్టుకుందామంటే మాత్రం నిధులుండవు.

అమెరికా వాడు 1972లోనే దీనికో చట్టం చేశాడు. భూమి కొనే ఖర్చులో సగం దాకా కేంద్రం, మిగతాది రాష్ట్రం. 1974లో ఒరెగాన్‌లో సౌత్ స్లూతో మొదలై ఇప్పుడు ముప్పై దాకా వచ్చాయి. ప్రతి చోటా పదిహేను నిమిషాలకోసారి నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచి, ఎవరైనా దించుకునేలా నెట్లో పెడతారు. నా బోటి ప్రోగ్రామర్‌కి కుళ్ళు పుట్టేది ఇక్కడే. లాగ్ ఫైలు లేకుండా బగ్ పట్టమంటే మేం తిడతాం. మన మొగల్లో చేప ఎందుకు తగ్గిందయ్యా అంటే లాగ్ ఏదీ?

అమెరికా కబుర్లొద్దంటారా? పలాసలో రైలెక్కండి, మూడు గంటల్లోపే చిలికా. ఒరిస్సా వాళ్ళు 1991లో దానికో అథారిటీ పెట్టారు. ఆర్థిక సంఘం నిధులు తెచ్చుకున్నారు. లెక్కలు కట్టి మరీ 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వారు, చేప తిరిగొచ్చింది. 2002లో రామ్‌సర్ అవార్డు కూడా కొట్టారు. బార్కుల్‌లో పరిశోధనా కేంద్రం ఉంది. వాళ్ళకి దొరికిన డబ్బు మనకి దొరకదా?

మన దగ్గరేమో రూల్సు చూడండి. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో నదీ ప్రవాహాలు, ఉప్పు మడులు లెక్కలోకే రావు. నౌపడా ఉప్పు మడుల్లో దిగే కొంగలకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి!

"శాంక్చువరీ అంటారు, రేపు వలలు లాక్కుంటారు" అని బెస్తవాళ్ళ భయం. న్యాయమైన భయమే. అందుకే చట్టంలోనే రాయండి, వేట హక్కు వాళ్ళదేనని. నీళ్ళు కొలిచే ఉద్యోగాలు కూడా వాళ్ళ పిల్లలకే ఇవ్వండి. ఇక్కడ వేట గిట్టక మనవాళ్ళు గుజరాత్‌లో వెరావల్ దాకా పోతున్నారు. 2018లో అక్కడి పడవల మీద వెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కినవాళ్ళు 2020 జనవరిలో గానీ వాఘా దాటలేదు. ఇంక ఉద్యోగాలు ముఖ్యమా, పిట్టలు ముఖ్యమా అని నన్నడక్కండి.

ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఉంది. కళ్ళేపల్లి మొగ అక్కడికి కూతవేటు దూరం. వచ్చే బడ్జెట్లో భూమికో పద్దు, ల్యాబుకో పద్దు రాయండి. మన ఎమ్మెల్యేల్లో ఎవరు అడుగుతారో చూద్దాం.