కొట్లో ఏది అయిపోయిందో తెలుసు, ఏది పాడైందో తెలియదా?

మొన్న మా చిన్నాడు బిస్కట్ ప్యాకెట్ చింపి, ఒకటి కొరికి, "అమ్మా, ముక్కిపోయిన వాసన!" అని ఉమ్మేశాడు. వెనక్కి తిప్పి చూద్దును కదా, డేటు దాటి ఐదు వారాలు. ఆ అంకెలైనా సరిగ్గా ఉన్నాయా? మడత కింద, సగం చెరిగిపోయిన నల్ల చుక్కల్లో ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్తే గానీ కనబడలేదు.

ప్యాకెట్ పట్టుకుని విసవిసా వీధి చివర కొట్టుకి వెళ్లాను. కొట్టు బాబాయ్ వాదించలేదు. డబ్బులు తిరిగిచ్చి, బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె లాగి చూపించాడు. నిండా డేటు దాటిన సరుకే. "ఏం చెయ్యనమ్మా, తీసుకెళ్లమంటే వచ్చే నెల, వచ్చే నెల అంటారు. కొత్త సరుకు మాత్రం ఫోన్లో నొక్కితే రేపటికల్లా దిగుతుంది" అన్నాడు.

నా కోపం అక్కడితో బాబాయ్ మీద నుంచి కంపెనీల మీదికి మళ్లింది.

సప్లయ్ చైన్ టెక్నాలజీ అని పేపర్లలో పెద్ద పెద్ద మాటలు రాస్తారు. విప్పి చూస్తే విషయం ఇంతే. ఫ్యాక్టరీ నుంచి మన వంటింటి డబ్బా దాకా సరుకు ఎక్కడుంది, ఎంతుంది, ఎప్పుడు అయిపోతుంది అని లెక్క తెలియడం. దీనికోసం కంపెనీలు బాగానే ఖర్చు పెడుతున్నాయి. హిందుస్థాన్ యూనిలీవర్‌కి 'శిఖర్' అనే యాప్ ఉంది. కొట్టువాళ్లు సేల్స్‌మ్యాన్ కోసం ఎదురు చూడకుండా అందులోనే ఆర్డర్ పెట్టుకోవచ్చు. మంచిదే, కాదనను. కానీ సరుకు రావడానికి ఉన్నంత హడావిడి, పాడైనది వెనక్కి పోవడానికి ఎందుకు లేదు?

సాధనం లేక కాదు. ప్యాకెట్ మీద గీతల బార్‌కోడ్ ఉంటుంది కదా, దాన్ని కొట్లో మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. యాభై ఏళ్లు దాటినా మన సబ్బులకీ బిస్కట్లకీ అవే గీతలు. అవి ఇది ఏ వస్తువో చెబుతాయి గానీ, డేటు చెప్పవు. అందుకే సూపర్ మార్కెట్లో మిషను కుళ్లిన ప్యాకెట్‌కి కూడా నిక్షేపంగా బిల్లు కొడుతుంది. అదే చదరపు కోడ్ అయితే బ్యాచ్ నంబరూ, ఎక్స్‌పైరీ డేటూ అందులోనే పెట్టొచ్చు. డేటు దాటితే బిల్లు పడకుండా ఆపొచ్చు. బార్‌కోడ్ల వ్యవహారం చూసే జీఎస్1 సంస్థ, 2027 చివరికల్లా కొట్లలో మిషన్లు వీటిని చదివేలా ఉండాలంటోంది.

మరి మన ప్యాకెట్ల మీద చదరపు కోడ్ లేదా అంటే, ఉంటుంది. "స్కాన్ చేయండి, బహుమతి గెలవండి" అని! పిల్లాడు తినే తిండి డేటుకి దొరకని చోటు లాటరీకి దొరికింది.

మందుల సంగతి చూడండి. 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్ల మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటుతో సహా కోడ్ ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మందుకి చేయగలిగింది పాలపొడికి ఎందుకు చేయలేరు?

ఖర్చు అంటారు. రెండు రూపాయల షాంపూ పొట్లంతో మొదలు పెట్టమని ఎవరన్నారు? పసిపిల్లల ఆహారం, పాలపొడి, నూనెలతో మొదలు పెట్టండి. ఆర్డర్ తీసుకునే యాప్‌లోనే "డేటు దాటింది, తీసుకెళ్లండి" అని ఇంకో బటన్ పెట్టండి. దానికి కోట్లేం అక్కర్లేదు కదా!

మా అత్తగారు బళ్లో చదువుకోలేదు. కొత్త కందిపప్పు వస్తే డబ్బాలో పాతది ముందు బయటికి తీసి, కొత్తది అడుగున పోసి, పాతది పైన పోసేవారు. తినేవాళ్లు మనవాళ్లు అనుకుంటే ఎవరికైనా తట్టే పద్ధతే అది.

ఈసారి డేటు దాటిన ప్యాకెట్ దొరికితే కొట్టువాడితో గొడవపడి ఊరుకోకండి. ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది, దానికి చేయండి. నేను చేశాను. "మీ బ్యాచ్ నంబరు చదవండి మేడమ్" అన్నారు. చెరిగిపోయిందండీ, అదే కదా నా గొడవ!