రోడ్ నంబర్ 36కి కథేముంది?

మన కోడ్‌లో ఎవడైనా వేరియబుల్‌కి ఎక్స్36 అని పేరు పెడితే రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అదే జూబ్లీహిల్స్ "రోడ్ నంబర్ 36" అంటే మాత్రం గొప్ప అడ్రస్సు!

ఇమ్లీబన్ అంటే చింతవనం. వనం పోయి బస్టాండొచ్చింది, బోర్డు మీద మహాత్మాగాంధీ పేరుంది. అయినా ఆటోవాలా నోట్లో ఇమ్లీబనే. 1908 మూసీ వరదలో ఆ దగ్గర్లోనే, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టెక్కి 150 మంది బతికారని చెప్పుకుంటారు.

మరి మనమో? చెట్లు కొట్టేసి కట్టిన విల్లాలకి "వుడ్స్", "మెడోస్" అని పెట్టుకుంటున్నాం. కొట్టేసిన చెట్టు పేరు పెట్టడానికి నామోషీ దేనికండీ?

మీ కాలనీ వీధులకి పేర్లు పెట్టేముందు అక్కడేముండేదో పాతవాళ్ళనడగండి. వాళ్ళూ పోతే దానికిక బ్యాకప్ లేదు.