అనుభవం అడిగేవారే, ఇచ్చేవారేరి?

ఇంజినీరింగ్ ముగించి కొలువులో చేరిన కుర్రాడికి మొదట్లో పెద్ద పనేమీ అప్పగించరు. ఎవరో రాసిన కోడ్‌ను పరీక్షించడం, చిన్నాచితకా తప్పులు సరిచేయడం, క్లయింట్ల ఫిర్యాదుల టికెట్లు ఒక్కొక్కటిగా మూయడం. ఒకటి రెండేళ్లు ఈ చాకిరీ చేశాకే అతనికి పని పట్టుబడుతుంది. కృత్రిమ మేధ ముందుగా ఎసరు పెట్టింది దీనికే. అందుకే యంత్రాలు ఎన్ని ఉద్యోగాలను మింగుతాయన్న లెక్క కన్నా, పని నేర్చుకునే చోటు ఎక్కడ మిగులుతుందన్నదే మన యువతకు పెద్ద ప్రశ్న.

అమెరికాలో వేతన రికార్డులను పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో ఒక పత్రం వెలువరించారు. కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22-25 ఏళ్లవారి ఉపాధి ఇతరులతో పోలిస్తే 13 శాతం తగ్గిందని తేల్చారు. అవే వృత్తుల్లో పెద్ద వయసువారి కొలువులు నిలకడగానే ఉన్నాయి. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు గానీ, దెబ్బ ఏ వయసుపై పడుతోందో గమనించాలి.

భయపడనక్కర్లేదనేవారు బ్యాంకులను ఉదాహరణగా చూపుతారు. ఎనభైలలో ఉద్యోగ సంఘాలు కంప్యూటర్లను గట్టిగా వ్యతిరేకించాయి. తీరా ఆ కంప్యూటరే లక్షల మంది తెలుగువారికి అన్నం పెట్టింది. నిజమే. కానీ ఆనాటి కంప్యూటర్ గుమాస్తా లెడ్జర్‌ను తీసుకుని, బదులుగా డేటా ఎంట్రీ, ప్రోగ్రామింగ్, టెస్టింగ్ వంటి కొత్త ఆరంభ కొలువులు ఇచ్చింది. నేటి యంత్రం ఆ ఆరంభ కొలువులనే అందుకుంటోంది.

భారం మాత్రం కుటుంబాలపైనే పడుతోంది. ఫ్రెషర్ల జీతం ఏళ్లు గడిచినా ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లోనే ఉంది. కాలేజీ ఫీజు అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలోని కంప్యూటర్ కోర్సులకు మళ్లీ అప్పు చేయాలి. అంతా అయ్యాక కంపెనీ అడిగేది రెండేళ్ల అనుభవం. దొంగ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ల బేరం ఇక్కడే పుడుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో వచ్చిన 2024 నివేదిక ప్రకారం, 2022లో మన దేశంలో పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం, రాయడం రానివారిలో 3.4 శాతమే.

రేపటి టీమ్ లీడ్ నేటి ఫ్రెషరేనని కంపెనీలకు తెలియక కాదు. తాను ఖర్చుపెట్టి తీర్చిదిద్దినవాణ్ని పక్క సంస్థ ఎగరేసుకుపోతుందని ప్రతి సంస్థకూ భయం. ఎవరికి వారు లాభం చూసుకుంటే అందరికీ నష్టమే. ప్రభుత్వం కల్పించుకోవాల్సింది ఇలాంటి చోటే.

విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను ఎకరం 99 పైసలకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. సంస్థ కల్పిస్తామన్నవి 12 వేల ఉద్యోగాలు. అదే ఏడాది జులైలో ఆ సంస్థ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12 వేల మందిని, ఎక్కువగా మధ్య, పై స్థాయుల వారిని, తగ్గించుకుంటామంది; దానికి కృత్రిమ మేధ కారణం కాదని సంస్థ అధిపతి చెప్పారు. కారణమేదైనా, ఉద్యోగాల మొత్తాన్ని మాత్రమే చూసి భూమి ఇవ్వడం ఇక చాలదు. డేటా సెంటర్ల విషయంలో ఇది మరీ నిజం: పెట్టుబడి వేల కోట్లలో ఉన్నా, కట్టడం పూర్తయ్యాక వాటిని నడపడానికి కొద్దిమంది చాలు.

పని నేర్చుకునే చోటును కాపాడటానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద, 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. రాయితీ పొందే సంస్థకు పై అంచునే షరతుగా పెట్టవచ్చు. స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వం భరించవచ్చు. యంత్రం రాసిన కోడ్‌లో తప్పు పట్టడం ఆ శిక్షణలో భాగం కావాలి. ఎన్ని ఉద్యోగాలిస్తారని అడగడం పాలకులకు అలవాటే. వాటిలో అనుభవం అడగనివెన్నో కూడా అడిగి, ఆ సంఖ్యను ఒప్పందంలో రాయించి, ఏటా ప్రజల ముందు పెట్టాలి.