పాటకు వెల

సంగీతమును వినగోరిన మనుష్యుడు ఒకప్పుడు పాటకుని యొద్దకు పోవలసి యుండెను. నేడు పాటయే మనుష్యుని జేబులోనికి వచ్చినది. అరచేతిలో నిముడు సెల్‌ఫోనులో వేయి పాటలు, రెండువేల పాటలు దాచుకొన్న బాలురు పల్లెలయందును కానవచ్చుచున్నారు. వానిలో నెన్ని పాటలకు వెల చెల్లించితివని యెవరైన నడిగినచో, పెక్కురు ప్రశ్నయే బోధపడనట్లు చూతురు. పాటకు వెలయేమి? ఇంటర్నెట్టులో నున్నది, దింపుకొంటిమి. దీనినే డౌన్‌లోడు చేసికొనుట యందురు. ఒకని గాదెలోని ధాన్యము నెత్తుకొనిపోయిన దొంగతనము కాని, పాటను దింపుకొనుట దొంగతన మెట్లగునని వారి తలంపు.

ఈ తలంపును తేలికగా త్రోసివేయరాదు. ఇందు కొంత నిజము కలదు. మామిడితోటలో జొరబడి పది కాయలు కోసికొనినచో తోటవానికి పది కాయలు తక్కువగును. పాటకు నకలు తీసినచో మూలము చెక్కుచెదరక యున్నచోటనే యుండును. ఒక దీపమునుండి మరియొక దీపమును వెలిగించుకొనినందున మొదటి దీపపు వెలుగు తగ్గదు గదా! మన దేశపు చట్టము సైతము ఈ పనిని దొంగతనమను పేర పిలువలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము దీనిని ఒకరి హక్కునకు భంగము కలిగించుటగా నెంచినది. వస్తువును దొంగిలించుటకును దీనికిని భేదము కలదనుట న్యాయమే.

అయినను దీపపు పోలికయం దొక లోపము కలదు. దీపము వెలిగించినవాడు వెచ్చించినది కొంచెము నూనె, ఒక వత్తి. పాట పాడినవా డేమి వెచ్చించెనో విచారింపవలెను. ఘంటసాల వేంకటేశ్వరరావు బాల్యముననే తండ్రిని కోల్పోయెను. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, జోలె భుజమున వైచుకొని ఇంటింట మధూకరమెత్తి, ఆ యన్నముతో కడుపు నింపుకొనుచు విద్య నభ్యసించెను. తరువాత మదరాసు చేరి చిన్నచిన్న వేషములు వేసెను. బృందగానములలో నలుగురితో గొంతు కలిపెను. శ్రోత మూడు నిముసములలో విని ముగించు పాట వెనుక ఇన్ని యేండ్ల యాకలి కలదు. అది ఘంటసాల యొక్కనికే చెల్లదు. వయొలిను వాయించినవాడు, తబల వాయించినవాడు, ధ్వనిముద్రణ యంత్రము కడ కూర్చున్నవాడు, వీరి పేరులు శ్రోత కెన్నడును తెలియవు. కాని వారి భత్యమును ఆ పాట వలననే రావలెను.

హరికథ జరుగుచున్న పందిరి నొకసారి తలంచుకొనుడు. కథ ముగియువేళకు హారతిపళ్ళెము సభలో తిరుగును. ఒకడు తనకు తోచిన నాణెము వేయును. వేరొకడు పళ్ళెము తన వరుసకు వచ్చుసరికి మెల్లగా లేచి చెప్పులు వెదకికొని వెడలిపోవును. వానివలన కథకు తరుగు లేదు. దాసుగారి గొంతు తరుగలేదు. ప్రక్కవాడు వినిన దానిలో వీసమంతయు తగ్గలేదు. కాని పందిరిలోని వారందరును వానివలెనే లేచిపోయినచో మరుసటి యేడు దాసుగారు ఆ యూరికి రారు. పాటను ఊరక దింపుకొనువాడు ఇట్లు లేచిపోవు శ్రోత వంటివాడు. వానిని గాదె దోచినవానితో సమముగా నెంచుట అన్యాయము. అంతమాత్రమున వాడు చేసినది మంచిపని కాజాలదు.

పాట ఇట్లు అమ్మకపు సరకైనది ఏనాడో కాదు. ఎడిసన్ 1877 లో ధ్వనిని పట్టి నిలుపు యంత్రమును నిర్మించెను. బెర్లినర్ 1887 లో బల్లపరుపు పళ్ళెము వంటి రికార్డునకు బాట వేసెను. 1902 నవంబరులో కలకత్తా నగరమున గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాటలను గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేసిరి. పాట ముగియగనే ఆమె తన పేరును గట్టిగా పలుకుట నేటికిని ఆ రికార్డులలో వినబడును. రికార్డులు జర్మనీలో అచ్చగుచుండెను గనుక, అచటి పనివారు ఎవరి పాట యేదో గుర్తింపవలెనని ఆ యేర్పాటు. నాటినుండి పాట పాటకుని విడిచి తానొక్కటే దేశములు తిరుగ నారంభించెను. అంతకు పూర్వము పాటకుడు రాజును, జమీందారును, ఊరి పెద్దలను ఆశ్రయించి బ్రతికెను. తరువాత రికార్డు కొనిన ప్రతి గృహస్థును వానికి పోషకుడయ్యెను.

రికార్డు కొనగలిగినవారు కొందరే. గ్రామఫోనున్న యింటి యరుగు మీద వీధివీధి యంతయు కూర్చుండి వినెడిది. దానిని తప్పని యెవరును అనలేదు, అనరాదు కూడ. రేడియో వచ్చిన పిమ్మట పాట మరింత సులభమయ్యెను. నేటివారు అది ఊరకనే లభించినదని తలంతురు. కాని నాడు రేడియో గలవారు ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము చెల్లించెడివారు.

ఆ పిమ్మట వచ్చినది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీవారు 1963 లో దీనిని వెలువరించిరి. మన పట్టణములలో ఇది ఇల్లిల్లు చేరినది 1980 తరువాత. పాటల పేరులు కాగితముపై వ్రాసి దుకాణమువాని కిచ్చినచో, వాడు తన యొద్దనున్న రికార్డులనుండి ఆ పాటలను ఖాళీ క్యాసెట్టులోని కెక్కించి రెండుదినములలో చేతికిచ్చెడివాడు. ఖాళీ క్యాసెట్టు వెల, దుకాణమువాని కూలి ముట్టెడివి. పాడినవానికి, వ్రాసినవానికి చిల్లిగవ్వయు ముట్టెడిది కాదు. నేటి పిల్లలు పాటలు దొంగిలించుచున్నారని కోపించు తాతలును తండ్రులును తమ యింటి అటకమీది క్యాసెట్టులపెట్టె నొకసారి దింపి చూచుకొనుట మంచిది.

1999 లో ఇరువదేండ్లైనను నిండని షాన్ ఫానింగ్ అను అమెరికా యువకుడు నాప్‌స్టర్ అను నొక సాధనమును కల్పించెను. ఎంపీత్రీ అను పద్ధతిచే కుదించబడిన పాటలను, ఒకని కంప్యూటరునుండి వేరొకడు దింపుకొనుటకు అది తోడ్పడెను. 2000 లో మెటాలికా అను వాద్యబృందము దానిపై వ్యాజ్యము వేసెను. రికార్డు కంపెనీలు అంతకు ముందే న్యాయస్థానమున కెక్కియుండెను. 2001 లో తీర్పు ప్రతికూలమై నాప్‌స్టర్ మూతపడెను. తగవులో కంపెనీలు గెలిచినవి. కాని శ్రోతలు ఆల్బముల దుకాణములకు మరల వచ్చిరా? రాలేదు. దానికి కారణము శ్రోతల దుర్మార్గమొక్కటియే కాదు. ఒక్క మంచి పాటకై పది పాటల ఆల్బమును కొనవలసి వచ్చుట వారికి చిరకాలముగా నున్న కష్టము. 2003 ఏప్రిలులో ఆపిల్ కంపెనీవారు ఒక్కొక్క పాటను 99 సెంట్లకు విడివిడిగా విక్రయింప నారంభించిరి. నాటివరకు ఊరక దింపుకొనినవారిలో ననేకులు వెల యిచ్చి కొనిరి. కావున అమ్మువారి పద్ధతి న్యాయముగా నున్నచో కొనువారు పుట్టుదురనుట స్పష్టము.

వెల చెల్లింపనివారు చెప్పు వాదములలో బలమైనది వేరొకటి కలదు. "మేమిచ్చు సొమ్ము కంపెనీకి పోవును గాని గాయకునకు చేరదు. ఇక మేమేల యీయవలెను?" అని వారందురు. ఇది కేవలము సాకు కాదు. మన దేశమున 1960 వ దశకమున ఈ విషయముననే ఇద్దరు మహాగాయకులకు భేదము వచ్చెను. రికార్డుల అమ్మకమునందు గాయకులకును భాగముండవలెనని లతా మంగేష్కర్ పట్టుపట్టెను. పాడినందులకు ప్రతిఫలము ముట్టిన పిమ్మట గాయకునకు మరి హక్కు లేదని మహమ్మద్ రఫీ పలికెను. ఇందువలన కొన్నియేండ్లు వారిరువురును కలసి పాడనే లేదు. రఫీ మాటలో ఔదార్యము కలదు. కాని ఔదార్యము తనకు తాను చూపుకొనవలసినది. పదిమంది పేద గాయకుల కది నియమము కాజాలదు. ఆ పక్షమున లతా మంగేష్కర్ మాటయే మేలు.

1977 లో సుప్రీంకోర్టు, వేరు ఒడంబడిక లేనియెడల సినిమా పాటపై హక్కు నిర్మాతదేనని తీర్పు చెప్పెను. ఆ తీర్పునందే న్యాయమూర్తి కృష్ణయ్యర్, పాడిన గొంతునకు చట్టమున చోటే లేకపోవుట తగదనియు, దీనిని పార్లమెంటు సరిదిద్దవలెననియు సూచించెను. గాయకులు మొదలగువారికి 1994 లో కొన్ని హక్కులు లభించినవి. 2012 లో జరిగిన సవరణ వలన గీతరచయితకును, సంగీతకర్తకును రావలసిన భాగమును ఒడంబడిక పేర ఎవరును పూర్తిగా లాగికొనుటకు వీలు లేకపోయెను. రాజ్యసభ సభ్యుడై యుండిన కవి జావేద్ అఖ్తర్ దీనికై గట్టిగా వాదించెను. ముప్పదియైదేండ్లు పట్టినను మార్గము కొంత చక్కబడినది. చక్కబడకున్నను ఆ వాదము నిలువదు. ఒక ఆసామి కూలివానికి కొలత తక్కువగా కొలిచెను. దానికి కోపించి ఒకడు ఆ యాసామి కళ్ళములోని ధాన్యమును రాత్రివేళ తన యింటికి మోసికొనిపోయెను. కూలివాని గిన్నెలో గింజ యేమైన పెరిగెనా?

ఇంకొక సంగతి చిత్రముగా నుండును. పాటను ఊరకనే దింపుకొనితిననువాడు నిజముగా ఊరక దింపుకొనుట లేదు. సెల్‌ఫోనునకు వేలకొలది రూపాయలు పోసెను. ఇంటర్నెట్టునకు నెలనెల రుసుము కట్టుచున్నాడు. చెవిలో పెట్టుకొను గొట్టములకును వెల యిచ్చెను. ఇంత పొడవైన వరుసలో అందరికిని ముట్టినది. ఏ పాటకై ఇవన్నియు కొనెనో ఆ పాట కట్టినవారికి మాత్రము ముట్టలేదు. చేతిలో పైసలేని పేదవిద్యార్థిని గూర్చి యీ మాట కాదు. వాని సంగతి వేరు.

చట్టము సైతము పాటను శాశ్వతముగా తాళమువేసి యుంచలేదు. రికార్డునకు అది వెలువడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడువు. సాహిత్యమునకును స్వరరచనకును కర్త మరణించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు. త్యాగరాజస్వామి 1847 లో సిద్ధిపొందిరి. వారి కృతులు సర్వజనుల సొత్తు, ఎవరైనను పాడవచ్చును. కాని నిన్న యొక విద్వాంసురాలు అదే కృతిని పాడి వెలువరించిన రికార్డు ఆమెకును, వెలువరించినవారికిని చెందును. 'మిస్సమ్మ' చిత్రము 1955 లో వచ్చెను. ఆ రికార్డుల గడువు 2015 తో తీరినది. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971 లో మరణించెను గనుక సాహిత్యపు గడువు 2031 వరకు కలదు. స్వరపరచిన సాలూరి రాజేశ్వరరావు 1999 వరకు జీవించెను గనుక ఆ గడువు 2059 వరకు సాగును. ఒక్క పాటయందు ఇన్ని లెక్కలు!

లెక్క తీరినచోట ఋణము తీరినదా యనునది వేరు ప్రశ్న. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963 లో పాడిన శ్రీవేంకటేశ సుప్రభాతము తెలుగువారి యిండ్ల ప్రతి ప్రాతఃకాలమున వినబడుచున్నది. ఆ రికార్డు వలన తనకు రావలసిన సొమ్మును ఆమె తిరుమల తిరుపతి దేవస్థానముల వేదపాఠశాలకు చెందునట్లు చేసెను. దేవుని పాట యగుటచే దీనికి వెల యెందులకని యన్నివత్సరములు నకళ్ళు తీసి పంచినవారు పెక్కురు. వారిలో భక్తి లేనివాడు లేడు. ఒక పాఠశాల పిల్లల సొమ్మును తాకుచున్నామని వారిలో నెవ్వరికిని తట్టియుండదు. 60 ఏండ్ల లెక్క చొప్పున ఆ గడువు 2023 తో ముగిసినది. నేడు దానిని దింపుకొనువాడు చట్టమునకు జంకనక్కరలేదు. నాడు దింపుకొనినవారి మాట వేరు.

పైసలేని విద్యార్థికి త్రోవలు మూసికొనిపోలేదు. ఆకాశవాణి కలదు. గడువు తీరిన పాత రికార్డులు కలవు. ప్రకటనలు విన్నచో రుసుము లేకుండ పాట వినిపించు సంస్థలు కలవు. ఆ ప్రకటనల రాబడిలో స్వల్పభాగము పాటవారికి చేరును. నెలసరి రుసుము గొని వినిపించు సంస్థలును అనేకము వచ్చినవి. ఇందు ఒక చిక్కున్నది. రుసుము నిలిచిన దినముననే పాటలును నిలిచిపోవును. ఆల్బము కొనినవానికి అది బిడ్డల కాలమునకును మిగులును. ఇచట మిగులునది ఏమియు లేదు. ఒక్కొక్క వినికిడికి పాటవానికి ముట్టునది పైసలలో భాగము. లక్షలమంది వినువానికి అది చాలును. వేయిమంది మాత్రమే వినువానికి అది ఒక పూట కూటికైనను చాలదు.

ఆ వేయిమంది మాత్రమే వినువారే మన యూరి జానపద గాయకులు, బుర్రకథ దళములవారు. వీరు కొందరు తమ పాటలను అప్పుచేసి ఆల్బములుగా చేయించి, జాతరలలో ప్రదర్శన ముగిసిన పిమ్మట చాపపై పరచి విక్రయింతురు. ప్రదర్శన జరుగుచుండగనే చూపరులు చేతులెత్తి సెల్‌ఫోనులలో దానినంతయు పట్టుకొని, ఆ రాత్రికే లోకమునకు పంచిపెట్టుదురు. మెచ్చుకొనియే పంచెదరు, చెడుబుద్ధి లేదు. పొరుగూరికి దళము చేరుసరికి పాట ముందే చేరియుండును. చేతిలో కొద్దిపాటి సొమ్మున్న విద్యార్థి మొదట కొనదగినవి ఈ చాపమీది ఆల్బములు. ప్రఖ్యాతుల పాటలు రేడియోలో ఎట్లును వచ్చుచునే యుండును.