నగరం ముచ్చట్లు – 9: పేరు ఎవరు పెట్టాలె?

మొన్న ఆదివారం ఉస్మానియా నుంచి నలుగురు విద్యార్థులు మా ఇంటికొచ్చారు. హైదరాబాద్ మీద వీడియో సిరీస్ చేస్తున్నారట. చార్మినార్, బిర్యానీ, హైటెక్ సిటీ అందరూ చూపించేశారు కాబట్టి, మనుషులతో ముచ్చట పెట్టి ఆ మాటల్లో నగరాన్ని చూపించాలని వాళ్ల ఆలోచన. "అన్నా, నీకు బస్తీల్లో చానామంది తెలుసు గదా. ఇన్‌స్పైరింగ్‌గా ఉండే పదిమంది పేర్లు చెప్పు" అన్నారు.

మంచి ఆలోచనే. ఈ సిరీస్‌లో ఎనిమిది వారాలుగా నేను చేస్తున్నదీ అదే. అయినా ఆ రోజు ఒక్క పేరు కూడా చెప్పలేదు. టీ తాగించి పంపేశాను. పిల్లలు కొంచెం నొచ్చుకున్నారు. ఎందుకు చెప్పలేదో ఈ వారం రాస్తున్నాను. దానికి ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

మూడేళ్ల కింద సికింద్రాబాద్ వైపు ఒక అక్క గురించి పోస్టు పెట్టాను. తెల్లవారుజామున ఐదింటికల్లా చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటుంది. అంతకుముందు వాళ్లత్త అదే రోడ్డు ఊడ్చింది. భర్త పోయాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, నెలాఖరుకు జీతం పడితే పడ్డట్టు. ఆ జీతంతోనే కూతుర్ని ఇంజనీరింగ్ చదివిస్తోంది. ఇరానీ హోటల్ ముందు నిలబడి చాయ్ తాగుతూ గంటసేపు మాట్లాడుకున్నాం. నేను కదిలిపోయాను. ఇంటికొచ్చి ఒక్క కూర్చోవులో రాసేశాను. కులం పేరు రాశాను. కూతురి చదువు రాశాను. రేడియం జాకెట్ వేసుకుని ఆమె నవ్వుతున్న ఫొటో పెట్టాను.

రెండు వేలకు పైగా షేర్లు. "సెల్యూట్ తల్లీ", "అసలైన హైదరాబాద్ ఇదీ" అంటూ కామెంట్లు. నాకూ సంబురమే అయింది, దాచుకోవడమెందుకు.

నాలుగో రోజు ఆ కూతురు ఫోన్ చేసింది. ఏడ్వలేదు, తిట్టలేదు. "మామా, మా అమ్మ పని చెప్పుకోనీకి నాకు సిగ్గు లేదు. మా కులం చెప్పుకోనీకి కూడా సిగ్గు లేదు. కానీ ఎవరికి చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె అన్నది నేను గదా అనుకోవాలె? నువ్వు చెప్పేసినవ్" అంది.

హాస్టల్ గదిలో ముగ్గురు అమ్మాయిలు. వాళ్లలో ఒకరి ఫోన్‌కు నా పోస్టు ఎవరో ఫార్వర్డ్ చేశారు. ఎవరూ ఏమీ అనలేదట. ఆ రాత్రి నుంచి మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చళ్ల డబ్బాలు మధ్యలో పెట్టుకుని తినడం మానేశారట. ఎవరి డబ్బా వాళ్ల అల్మారాలోకి పోయింది.

ఫొటో తీసేముందు నేను అక్కను అడిగాను. "తియ్యనా అక్కా" అంటే నవ్వింది. ఆ నవ్వునే ఒప్పుకోలు అనుకున్నాను. ఆ ఫొటో ఎక్కడికి పోతుందో, దాని కింద ఏం రాస్తానో, ఎవరెవరు చూస్తారో చెప్పలేదు. బిడ్డనైతే అసలు అడగనే లేదు.

మిత్రులారా, పేపర్ల ఆదివారం సంచికల్లో వచ్చే "స్ఫూర్తి" కథల్ని మనం చాలాసార్లు విమర్శించాం. వాళ్లు కులాన్ని తీసేసి "కటిక పేదరికం" అని రాస్తారు. మనిషి దాటింది గోడనైతే, దాన్ని గుంత అని చెప్తారు. గోడ కట్టినవాళ్ల ప్రస్తావనే ఉండదు. ఈ విమర్శ ఇప్పటికీ నిజమే. కానీ నేను చేసింది దానికి తిరగేసిన పని. వాళ్లు కులాన్ని మింగేస్తే, నేను కులాన్ని రాసి మనిషిని మరిచిపోయాను. రెండు చోట్లా ఆ మనిషి మాట్లాడలేదు. ఆమె గురించి మేమే మాట్లాడుకున్నాం.

కొందరు మిత్రులు అంటారు: "దాచుకోవడం కూడా కులం నేర్పిన భయమే కదన్నా? బయటపడితేనే గదా పోతది?" ఒకప్పుడు నేనూ ఇట్లాగే వాదించేవాణ్ని. 2016 జనవరి 17 తర్వాత రోహిత్ వేముల పేరుతో మనలో ఎంతోమంది మొదటిసారి నలుగురిలో కులం చెప్పుకున్నారు. అది మనకు బలమిచ్చింది. అయితే అది ఎవరికి వాళ్లు తీసుకున్న నిర్ణయం. ఎవరూ ఇంకొకరి నోట్లోంచి మాట లాగలేదు.

చెప్పుకున్నందుకు కట్టే ధర కూడా అందరికీ ఒకటి కాదు. ఇవ్వాళ నా ప్రొఫైల్ మీద బాబాసాహెబ్ ఫొటో ఉంది, నా వెనక సంఘం ఉంది. ఇరవై రెండేళ్ల వయసులో ఇదే నగరంలో గది వెతుక్కుంటూ తిరిగినప్పుడు ఇవేవీ లేవు. ఒక ఇంటి ఓనరమ్మ తాళంచెవి చేతిలో పెట్టబోతూ ఆగి "మీరు ఏమోళ్లు బాబూ?" అని అడిగింది. అబద్ధం చెప్పాను. పదకొండు నెలలు ఆ అబద్ధంలోనే పడుకుని లేచాను. ఆ రోజుల్లో ఎవరైనా ప్రేమతోనే నా కథ రాసి కులంతో సహా అచ్చేస్తే, వాళ్లకు స్ఫూర్తి దొరికేది, నా పెట్టె రోడ్డు మీద ఉండేది.

ఇంకో మాట. పేరు విషయంలో ఈ నగరానికి ఒక చరిత్ర ఉంది. సిరీస్ చేయబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు అది తెలుసుకోవాలి.

1888లో ఈ హైదరాబాద్‌లోనే మాదరి భాగయ్య పుట్టాడు. మనకు తెలిసిన భాగ్యరెడ్డి వర్మ ఆయనే. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. మన పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో సభ పెట్టి ఆయన్ను అధ్యక్షుడిగా పిలిచారు. "పంచములు" అన్నది మనకు వేరేవాళ్లు పెట్టిన పేరని ఆయన ఒప్పుకోలేదు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఇక్కడ హైదరాబాద్ సంస్థానంలో "ఆది హిందువులు" అన్న పేరు కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. ఆ పేరు ఇవ్వాళ మనకు నచ్చాలని లేదు, దాని మీద వాదన ఉండొచ్చు. కానీ పట్టుదల చూడండి: మమ్మల్ని ఏమని పిలవాలో మేం చెప్తాం. ఈ నగరం నుంచి మనం గర్వంగా చెప్పుకోవాల్సిన మొదటి ముచ్చట నా లెక్కలో ఇదే.

మరి ముచ్చట ఎట్లా పెట్టాలో తెలియాలంటే దానికీ ఇక్కడే పాఠం ఉంది. బొల్లారం నుంచి వచ్చిన టి.ఎన్. సదాలక్ష్మి గారు అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్ అయ్యారు, దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. ఆమెతో మాట్లాడి గోగు శ్యామల రాసిన పుస్తకం "నేనే బలాన్ని". పేరులోనే "నేను" ఉంది చూడండి. లైబ్రరీలో దొరికితే కెమెరా పట్టుకునేముందు అది చదవండి.

చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డున నాకు తెలిసిన ఒక తాత ఉన్నాడు. కూలీగా బతికి, తన ఇంటి ముందుగదిని పిల్లల ట్యూషన్‌కు వదిలేసిన మనిషి. ఇప్పటికి ముగ్గురు వచ్చి ఆయన్ని వీడియో తీసుకుపోయారట. 2024లో మూసీ ఒడ్డు ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత వెళ్లి కలిస్తే ఆయనన్నాడు: "వచ్చినోళ్లందరు నా చిన్నప్పటి కష్టం అడుగుతరు బిడ్డా. ఇయ్యాల్టి కష్టం ఎవ్వరడగరు. ఇల్లు పోతే ట్యూషన్ ఏడ పెట్టాలె అని నేనే అన్న. అది రాజకీయమైతది తాతా, కట్ చేస్తం అన్నరు."

నగరాన్ని సంబురం చేసుకోవడమంటే ఆ కట్ చేసిన ముక్కను కూడా చూపించడం. పొగడ్త ఆ మనిషికి, ప్రశ్న నగరానికి. ఒకటే చూపిస్తే సగం ముచ్చటే.

నేను అక్కకు క్షమాపణ చెప్పడానికి పోయినప్పుడు ఆమె కూడా ఇదే అంది. పోస్టు అప్పటికే తీసేశాను. కానీ స్క్రీన్‌షాట్లు ఎక్కడ ఆగుతాయి? ప్రతి మహిళా దినోత్సవానికీ ఆ ఫొటో ఎవరో నాకే పంపిస్తారు. అక్క చాయ్ చెప్పి, "నా కష్టం ఇరవై లైన్లు రాసినవ్ తమ్మీ. గ్లౌజులు ఇస్తలేరని చెప్పిన ముచ్చట ఒక్క లైన్ల రాసినవ్. తిరగ మరగ రాయాల్సింది అదే ఉండె" అంది. నాకు మాట రాలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ సిరీస్ తప్పకుండా చేయండి. ముందు కెమెరా లేకుండా రెండుసార్లు పోండి. వీడియో ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో వివరంగా చెప్పండి. పేరు, ఊరు, కులం, పని... వీటిలో ఏది చెప్పాలో వాళ్లనే తేల్చమనండి. చెప్తామంటే ఒక్క అక్షరం దాచకండి. వద్దంటే ఎందుకని గుచ్చకండి. "ఎట్ల గెలిచినవ్?" అని అడిగే ముందు "ఈ నగరం నీకేం బాకీ ఉంది?" అని అడగండి. ఎడిట్ అయ్యాక ముందు వాళ్లకు చూపించండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు కూడా. ఇవన్నీ చేస్తానంటే పదిమంది దగ్గరికీ నేనే వెంటబెట్టుకుని తీసుకుపోతాను.

ఆ బిడ్డ చదువు అయిపోయింది, ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో చెప్పిందా లేదా అన్నది నేను అడగలేదు.

ఈ పోస్టు మొన్న రాత్రి తల్లీకూతుళ్లిద్దరికీ చదివి వినిపించాను. అక్క ఒక చోట కొట్టేయమంది. బిడ్డ రెండు చోట్ల కొట్టేయమంది. కొట్టేశాను. మిగిలింది మీ ముందు పెడుతున్నాను.

జై భీమ్.

(వచ్చే వారం పదో ముచ్చట)