మన మాట మనమే చెప్పాలె



పోయిన ఆగస్టు 15 నాడు నేను ఉపన్యాసం చెప్పడానికి లేచిన సంగతి మీ అందరికీ యాదున్నది. మూడో వాక్యం కాడ ఆగిపోయిన. మీరు నవ్విండ్రు. నాకు ధైర్యం లేదన్నరు. నా అభిప్రాయం వేరు. ఆ కాగితం వేరేవాళ్లు రాసిచ్చింది. అందులో సగం మాటలకు నాకు అర్థం తెలియదు. తెలిసిన మాట మరిచిపోతే ఇంకో మాటతో చెప్పవచ్చు. తెలియని మాట మరిచిపోతే ఏం చెప్తం?

మన పెద్దలకు మాట్లాడడం రాదా? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. ఆయన చొరవతోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. ఇప్పటికీ మనవాళ్లు అక్కడ కలెక్టరు గారి ముందట లేచి భూమి గురించి, నీళ్ల గురించి అడుగుతరు. మా తాతకు చదువు రాదు. ఆయన కూడా కాగితం లేకుండానే మాట్లాడిండు. ఎందుకంటే ఆ చేను ఆయనది, ఆ బాధ ఆయనది. ప్రధాన్‌లు కిక్రి వాయించుకుంట రాత్రంతా కథ చెప్తరు. కాగితం చూస్తరా?

1946 డిసెంబరు 19 నాడు ఢిల్లీలో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలె అని చెప్పిండు. అంతమంది పెద్దల ముందట ఆయన బెదరలేదు.

తయారు కావద్దని నేను అనడం లేదు. తాత కూడా జాతరకు ముందు నాలుగు దినాలు అవ్వకు అదే మాట చెప్పుకుంట తిరిగిండు. మనం కూడా ముందుగాల గోండిలోనో కోలామిలోనో దోస్తుకు చెప్పాలె. తర్వాత మూడు ముచ్చట్లు గుర్తు పెట్టుకొని మనకు వచ్చిన తెలుగులో గట్టిగా చెప్పాలె. తప్పులు పోతే పోనీ.

పోయిన నెల పెద్ద సారు వచ్చి "ఏమైనా ఇబ్బంది ఉన్నదా?" అని అడిగితే అందరం "లేదు సార్" అన్నం. బాత్‌రూం కాడ బల్బు లేక రాత్రి భయపడేది మనమే కదా! ఆగస్టు 15 నాడు ఆగిపోతే నవ్వుతరు, అంతే. ఇక్కడ ఆగిపోతే చీకట్ల నడవాలె.

మేడమ్ గారూ, ప్రతి శనివారం రాత్రి స్టడీ అయినంక ఇద్దరికి ఐదేసి నిమిషాలు ఇప్పించండి. ఎవరి మాట వాళ్లే తయారు చేసుకోవాలె. ఎవరూ నవ్వవద్దు. మొదటి శనివారం నేనే లేస్త. బల్బు గురించి చెప్త.

– 9వ తరగతి విద్యార్థిని